పేరు రాయని టీచరు

ఎం.ఎడ్. రెండో ఏడాదిలో మా గైడ్ మేడమ్ నా ప్రశ్నావళిని పక్కకు నెట్టిన రోజే నాకు భయం వేయాల్సింది. వేయలేదు. పైగా సంతోషించాను.

తమిళనాడు సరిహద్దు బడుల్లో టీచర్లు ఏ భాషలో పాఠం చెబుతారన్నది నా అంశం. నగరి చుట్టుపక్కల తిరిగి ప్రశ్నావళులు నింపించుకొచ్చాను. అందరూ ‘ఇంగ్లీషులోనే’ అన్న గడిలో టిక్కు పెట్టారు.

“అందరూ ఒకే అబద్ధం చెప్తే ఏం తేలుతుందమ్మా? క్లాసులో కూర్చో. మాటలు రికార్డు చెయ్,” అంది మేడమ్.

అలా నేను ఎంచుకున్న బడి మరమగ్గాల వీధి చివర ఉంది. రెండే గదులు. ఒక హెడ్మాస్టరు, తాత్కాలికంగా తీసుకున్న టీచరు ఒకామె. ఆమె ఉద్యోగాన్ని ఏటేటా పొడిగిస్తారు. తనిఖీకి వచ్చేవాళ్లకు తరగతిలో ఇంగ్లీషే వినబడాలి. నేనూ మగ్గం ఇంటి పిల్లనేనని తెలిసి ఆమె ఫోను బల్ల మీద పెట్టుకోనిచ్చింది. అనుమతి పత్రం ముందు పెడితే మాత్రం పెన్ను తెరిచి మళ్లీ మూత పెట్టింది.

“ఇది యాడికి పోతాది పాపా?”

“మీ పేరు రాయనక్కా. ఎవరికీ తెలియదు.”

సంతకం పెట్టింది. ఆ మాట నేను నిజంగానే నమ్మి చెప్పాను. అందుకే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

ఆమె లెక్కను ఇంగ్లీషులో ఒకసారి చదివి పిల్లల ముఖాలు చూసేది. ఎవరూ పలికేవాళ్లు కాదు. అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని, “నూరు పోగులు ఉండాది, ముప్పై తెగిపాయ. మిచ్చం ఎవ్వళవు?” అనేది. మిగిలింది ఎంత అని వాళ్ల ఇంటి తమిళంలో అడగడమే. గదంతా ఒక్కసారిగా డెబ్బై అని అరిచేది. అంత మంచి పాఠం నేను చదివిన కాలేజీల్లో కూడా వినలేదు. మధ్యలో గేటు చప్పుడైతే ఆమె గొంతు టక్కున ఇంగ్లీషుకు మారేది. ఆ మార్పును ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకుని మురిసిపోయాను.

నా పరిశోధన పుస్తకంలో ఆమెను ‘ఉపాధ్యాయిని-1’ అని రాశాను. ఊరి పేరు తీసేశాను. మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా అనుబంధంలో ఎక్కించాను.

మా ఇళ్లలో పని ముగిస్తే, సాయం చేసినవాళ్లను వట్టి చేతులతో పలకరించరు. బైండు చేయించిన పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, పళ్లతో సహా ఆ బడికే తీసుకెళ్లి హెడ్మాస్టరు చేతికిచ్చాను. ఆయన పొంగిపోయారు. వచ్చినవాళ్లందరికీ కనబడేలా తన బల్ల మీదే పెట్టుకున్నారు. టీచరు అట్ట మీద చెయ్యి పెట్టి తీసేసింది, తెరవలేదు. నేను తిరుపతి బస్సెక్కాను.

నెల తిరక్కుండానే హెడ్మాస్టరు ఫోన్ చేశారు. తనిఖీకి వచ్చిన అధికారి కూర్చున్నంతసేపూ ఆ పుస్తకమే తిరగేశారట.

“ఇది మీ బడేనా అని అడిగినాడమ్మా. గొప్పగా అవునంటిని. ఈ టీచరెవరు అన్నాడు. ఉండేది ఒక్కామెనే కదా, నేనేం సెప్పేది?”

ఆ ఏడాది ఆమెకు పొడిగింపు రాలేదు.

వెళ్లకుండా ఉండలేక వెళ్లాను. వాళ్లింట్లో మగ్గాల రొదకు మాట వినబడలేదు. ఆమె తన మగ్గం ఆపి బయటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

“మంచి మార్కులు వచ్చిండాదా పాపా?” అంది.

“వచ్చాయక్కా.”

“సరే, కూర్చో. కాఫీ పెడతాను,” అని లోపలికి వెళ్లింది.