దొరసానమ్మ సమాధికి సున్నం

నేను సైకిల్ మీద ఇంగ్లండ్ పల్లెటూళ్ళన్నీ తిరిగాను. మూడు వందల మైళ్ళు, ముప్ఫై పాత చర్చిలు, రెండు పంక్చర్లు. ఎనభైల మధ్యలో ఒక ఆదివారం సాయంత్రం జెర్సీ సిటీలో మా తెలుగు క్రైస్తవ సహవాసం ముందు నిలబడి, మైకు పట్టుకుని, సాక్ష్యంగా ఈ మాట చెప్పాను. ముందు వరుసలో ఉన్నవాళ్ళు హల్లెలూయ అన్నారు.

పద్నాలుగు మైళ్ళు. ఎత్తు వచ్చినచోటల్లా దిగి తోసుకుంటూ నడిచాను కాబట్టి నిజంగా తొక్కింది పది ఉంటుంది. చర్చిలు మూడు. పంక్చర్ ఒక్కటీ కాలేదు. సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదని నాకు తెలుసు. కానీ పద్నాలుగు మైళ్ళకి ఎవరూ హల్లెలూయ అనరు.

అసలు వెళ్ళింది చర్చిలు చూడటానికి కాదు, ఒక సమాధికి సున్నం వేయడానికి. మా ఆవిడ బాపట్ల దగ్గర మిషన్ హాస్టల్లో చదువుకుంది. దాన్ని నడిపిన ఇంగ్లీషు దొరసానమ్మే ఆవిడకి జడ వేసింది, అక్షరాలు నేర్పింది, టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుంది. తర్వాత దొరసానమ్మ సొంత ఊరు వెళ్ళిపోయి, క్రిస్మస్‌కి ఒక ఉత్తరం చొప్పున రాస్తూ ఉండి, ఒక ఏడు రాయలేదు. ఆవిడ పోయిందనీ, ఊరి చర్చి ఆవరణలోనే పాతిపెట్టారనీ బంధువులెవరో కార్డు రాశారు. మా ఆవిడ ఆ కార్డుని పెళ్ళి పెట్టెలో వేసుకుని అమెరికా తెచ్చుకుంది.

మా వైపు క్రైస్తవులకి ఈస్టర్ ముందు పెద్ద పని సమాధులది. ఇంటిల్లిపాదీ సమాధుల తోటకి వెళ్ళి, కలుపు పీకి, సున్నం వేసి, పండుగ నాడు తెల్లవారుజామునే పూలూ కొవ్వొత్తులూ పెడతాం. సున్నం పడని సమాధి కనిపిస్తే, పాపం వీళ్ళకి ఎవరూ లేరేమో అనుకుంటూ దాటిపోతాం.

ఆసుపత్రిలో ఉండగా, చివరి నెలలో, ఒక మధ్యాహ్నం మా ఆవిడ అడిగింది.

"ఏవండీ, ఇక్కణ్ణించి ఇంగ్లండ్ ఎంత దూరం?"

"విమానంలో ఆరేడు గంటలు."

"బాపట్ల కంటే దగ్గరేగా. మా దొరసానమ్మకి పిల్లాజెల్లా లేరు. సున్నం ఎవరేస్తారావిడకి?"

"ఆ ఊరివాళ్ళెవరో వేస్తార్లే."

"వేస్తారని మీరు చూసొచ్చారా? మనకి కాకపోతే ఎవరికి పట్టింది? మాటివ్వండి."

"ఇచ్చాను."

"టీవీ చూస్తూ కాదు, నాకేసి చూసి చెప్పండి."

చూసి చెప్పాను. అప్పుడు వెనక్కి వాలి, "నీలిమందు కలపడం మర్చిపోకండి. మీరు వేసిన సున్నం ఎప్పుడూ పచ్చగా పాలిపోయినట్టుంటుంది" అంది.

ఆవిడ పోయాక ఏడాదిన్నర నేనేం చేశానో చెప్పమంటే చెప్పలేను. ఉద్యోగానికి వెళ్ళాను. సాయంత్రం మాన్‌హటన్ నుంచి వచ్చే ట్రైన్‌లో దిగాల్సిన స్టేషన్ దాటిపోయేవాణ్ణి. ఎదురు ట్రైన్ ఎక్కి వెనక్కొచ్చి, మళ్ళీ దాటిపోయేవాణ్ణి. తొందరేం లేదు. ఏడ్చి ఏడ్చి చిక్కిపోయానని మా బావమరిదికి ఉత్తరం రాశాను. ఏడవలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే, అలా ఉండేది ఒళ్ళంతా. మనదే అని తెలుస్తుంది, అంతే.

ఆ వేసవిలో మా అత్తగారిని చూడటానికి ఇండియా టికెట్ కొన్నాను. లండన్లో మూడు రోజులు ఆగొచ్చని ట్రావెల్ ఏజెంట్ అంటే, ఆగుతానన్నాను. మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో సున్నం అడిగితే ఒక పెద్ద సంచి చూపించారు. సంచి మీద పెద్ద అక్షరాలతో 'లైమ్' అని ఉంది, అది చాలనుకుని కొన్నాను. అందులోంచి రెండు కేజీలు ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఒక కుంచె, ఇండియన్ షాపులో దొరికిన నీలిమందు డబ్బా సూట్‌కేసులో పెట్టాను. లండన్ ఎయిర్‌పోర్టులో ఆ తెల్లపొడి చూసి నన్ను నాలుగు గంటలు కూర్చోబెట్టారని సహవాసంలో చెప్పాను. పది నిమిషాలు. ఆఫీసరు వేలితో ముట్టుకుని, ప్యాంటుకి తుడుచుకుని, "ఇది దేనికి?" అన్నాడు. సమాధికన్నాను. నన్నొకసారి చూసి జిప్పు వేసేశాడు.

లండన్ నుంచి ట్రైన్‌లో వెళ్ళి కార్డులో ఉన్న ఊరికి దగ్గరి స్టేషన్‌లో దిగి, ఎదురుగా ఉన్న షాపులో సైకిల్ అద్దెకి తీసుకున్నాను. పాతికేళ్ళ తర్వాత తొక్కడం. షాపాయన ఒక మ్యాపిచ్చి, పెద్ద రోడ్డెక్కకుండా పొలాల మధ్య నుంచి వెళ్ళే దారిని పెన్సిల్‌తో గీశాడు. ఆ దారి ఎంత ఇరుకంటే, ఎదురుగా ట్రాక్టరు వస్తే సైకిల్‌తో సహా కంచెలోకి దూరాలి. దూరాను. డ్రైవరు టోపీ ఎత్తాడు. కంచె ముళ్ళు నా స్వెటర్ పట్టుకున్నాయి.

మొదటి ఊళ్ళో ఇళ్ళకి రెల్లు కప్పులు. మా వైపు రెల్లు కప్పు ఉందంటే డాబా వేసే స్తోమత లేదని. అక్కడేమో ఆ కప్పులకింద ఖరీదైన కార్లు నిలబెట్టి ఉన్నాయి. చర్చికి తాళం. తాళంచెవి ఎదురింట్లో అడగమని చీటీ అంటించారు. ఎదురింటి కుక్క అందుకు ఒప్పుకోలేదు. రెండో ఊళ్ళో చర్చి బార్లా తీసి ఉంది, లోపల మనిషి లేడు. గంటల తాళ్ళు పైకి కట్టేసి వేలాడుతున్నాయి. పాత సమాధి మీద కవచం తొడుక్కున్న రాతి దొర ఒకడు కాళ్ళ దగ్గర రాతి కుక్కతో పడుకుని ఉన్నాడు. అరిగిపోయిన ముక్కు, చల్లటి రాయి, రంగు అద్దంలోంచి నేల మీద పడ్డ ఎర్రటి మరక. అందంగా ఉందని నాకు తెలుసు. తెలియడం దగ్గరే ఆగిపోయింది. సందర్శకుల పుస్తకంలో పేరు రాసి, ఊరు అన్నచోట బాపట్ల అని రాశాను. నాది బాపట్ల కాదు, మా ఆవిడది.

మూడోది దొరసానమ్మ ఊరు. చర్చి వెనక, గోడ వారగా, దొరికింది సమాధి. నిలబెట్టిన ఒక బూడిదరంగు రాయి. పేరు సగం పాచి పట్టి, నారింజరంగు మచ్చలేసి ఉంది. మా ఆవిడ అన్నంతా అయింది కదా అనుకున్నాను. అక్కడున్న కుళాయి నీళ్ళు టిఫిన్ డబ్బాలో పట్టి, సున్నం కలిపి, నీలిమందు చిటికెడు వేశాను. సున్నం ఇసకలా గరగరలాడింది. అమెరికా సున్నం ఇంతేనేమో అనుకున్నాను. ముందువైపూ పైనా వేసేసరికి తెల్లగా మెరిసింది రాయి. తడి ఆరకముందే ఒక ఫొటో తీశాను. వెనకవైపు మొదలుపెట్టబోతుంటే, పూలబుట్టా కత్తెరా పట్టుకున్న ముసలావిడ ఒకామె వచ్చింది. చర్చిలో పూలు మార్చేది ఆవిడేనట.

"ఏం చేస్తున్నారు మీరు?"

"సున్నం వేస్తున్నానండీ. ఈవిడకి ఎవరూ లేరు."

"ఎవరూ లేరని ఎవరన్నారు? వారం వారం గడ్డి కోయిస్తున్నాం. అయ్యో, ఆ పాచి! ఇరవై ఏళ్ళు పట్టిందండీ అది అంత బాగా పట్టడానికి!"

నా బుర్రకి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. మాకు పాచి పట్టడం అంటే దిక్కులేకపోవడం. వాళ్ళకి అది శాలువా.

"ఇక్కడ రాళ్ళకి రంగు వేయకూడదు. ఆరిపోకముందే కడిగేద్దాం పట్టండి" అని ఆవిడే నీళ్ళ క్యాను తెచ్చింది. ఆవిడ పోసింది, నేను రుద్దాను. సున్నం గడ్డిలోకి తెల్లగా కారిపోయింది. దాంతోపాటు పాచి కూడా కొంత ఊడొచ్చింది. ఆవిడ చూసి పెదవి బిగించింది.

"మీరు ఆవిడ దగ్గర చదువుకున్నారా?"

"నేను కాదు, మా ఆవిడ. దొరసానమ్మ ఇండియా గురించి చెప్పేవారా మీకు?"

ఆవిడ ఆలోచించింది. "ఎండ ఎక్కువ అనేది. ఎక్కువగా కుక్కల గురించే మాట్లాడేది. మీ ఆవిడ రాలేదా?"

"న్యూజెర్సీలో ఉంది."

"తీసుకురావాల్సింది."

"అవునండీ" అన్నాను.

ఈ ఘట్టాన్ని సాక్ష్యంలో ఎలా చెప్పానో వినండి. తెల్లని అంగీ వేసుకుని పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారట. ఊరంతా చుట్టూ నిలబడిందట. ఆ ముసలావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చిందట. నిజానికి ఆవిడ వాచీ చూసుకుని, వాన వచ్చేట్టుంది, స్టేషన్‌కి కిందిదారిన వెళ్ళమంది. ఇండియాలో మా అత్తగారు ఆ తడి సున్నం ఫొటో కళ్ళకద్దుకుని బైబిల్లో పెట్టుకున్నారు. ఆవిడకీ నిజం చెప్పలేదు.

అబద్ధం అక్కడితో ఆగిపోయేదే. కానీ మా సహవాసంలో గుంటూరు నుంచి వచ్చిన ఇంజినీరు ఒకాయన ఉండేవాడు. నన్ను ట్రైన్ స్టేషన్ నుంచి కార్లో తెచ్చి దింపే స్నేహితుడు. సాక్ష్యం విన్నప్పట్నించీ కదిలిపోయి ఉన్నాడు. మరుసటి ఈస్టర్‌కి ముందు శనివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్‌కి బకెట్‌తో సహా వచ్చేశాడు.

"లేవండి బ్రదర్! ఎక్కడో ఉన్న దొరసానికి వేసొచ్చారు, మన సిస్టర్‌కి వెయ్యమా? మిగిలిన సున్నం ఉందన్నారుగా."

"ఉంది కానీ, అక్కడ వేయడానికేం లేదయ్యా."

"మీరు ఊరికే మొహమాటపడతారు. కార్ స్టార్ట్ చేసే ఉంచా, రండి."

అంత్యక్రియలప్పుడు ఆయన వేరే రాష్ట్రంలో ఉన్నాడు, సమాధి చూడలేదు. సున్నం సంచీ నీలిమందూ కార్లో వేసుకుని ముప్పావు గంట డ్రైవ్ చేశాడు. సమాధుల తోట అంటే అక్కడ ఒక పెద్ద గడ్డి మైదానం. గడ్డి కోసే మిషన్ అడ్డం లేకుండా వెళ్ళాలని రాళ్ళు నిలబెట్టనివ్వరు. నేలకి సమానంగా ఒక కంచుపలక. దాని మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. పువ్వులు పెడితే గురువారం తీసేస్తారు.

ఆయన బకెట్ పట్టుకుని ఆ పలక చుట్టూ తిరిగాడు. వంగి చేత్తో తడిమాడు. "ఇదేనా?" అన్నాడు. "మరి సున్నం దేనికేస్తాం?"

"అదే చెప్పాను."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు కానీ, అబద్ధం ఇంక మోయడం అనవసరం అనిపించింది.

"అక్కడ కూడా కడిగేశాం బ్రదర్."

"ఏంటి?"

"దొరసాని సమాధి. వేసిన పావుగంటకి కడిగించారు. పాస్టరూ లేడు, ఊరూ లేదు."

"మరి ఫొటో?"

"తడి ఆరకముందు తీశా."

"మూడు వందల మైళ్ళు?"

"పద్నాలుగు."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మీకోసం మా ఆవిడ ఉపవాసం కూడా ఉందయ్యా, ఇంగ్లండ్ క్షేమంగా వెళ్ళి రావాలని" అన్నాడు.

ఇంతలో గడ్డి కోసే పనివాడు మిషన్ ఆపి వచ్చాడు. మమ్మల్ని తిడతాడనుకున్నాం. సంచి తిప్పి, కింద ఉన్న చిన్న అక్షరాలు చదివి, "మంచి పని చేశారు. ఇక్కడ మట్టిలో ఆమ్లం ఎక్కువైంది, చల్లేయండి" అన్నాడు. అది గోడలకి వేసే సున్నం కాదట. గడ్డి బాగా పెరగడానికి నేలకి చల్లే సున్నపురాతి పొడి. ఇంగ్లండ్లో ఆవిడ కడిగించకపోయినా, మొదటి వానకే కారిపోయేదన్నమాట. స్టేషన్‌కి చేరేలోపే ఆ వాన వచ్చింది కూడా.

బకెట్ పక్కన పెట్టి ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. పలక చుట్టూ గుప్పిళ్ళతో చల్లాం. నీలిమందు వద్దన్నాడు పనివాడు. గుంటూరాయనే ఒక పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్ళీ పాడాడు. నేను గొంతు కలిపాను. నా చేతివేళ్ళు తెల్లగా అయ్యాయి. కార్ సీటుకి అంటకుండా ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ వేసవిలో మా ఆవిడ దగ్గర గడ్డి మోకాలెత్తు, చిలకపచ్చగా, ఆ తోటలో ఇంకెక్కడా లేనట్టు పెరిగిందని మళ్ళీ సాక్ష్యం చెప్పాను. గుంటూరాయన వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. చాలాసార్లు వెళ్ళి చూశాను. మిగతా చోట్ల ఎలా ఉందో, అక్కడా అలాగే ఉంది.