పాల జలపాతం ముందు పచ్చ మామ

పారే నీటిని పాలమీగడలా చూపించే ఫోటో ఒక్కటి తీయగలిగితే చాలు, లోకం వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంటుందని గట్టిగా నమ్మిన వయసు అది. అప్పుడు నా బరువు నలభై ఆరు కిలోలు (అందులో మూడు కిలోలు జుట్టే). నగర్తపేట సందులో ఒక స్టూడియోలో పని. పనంటే పెళ్ళిళ్ళలో లైటు పట్టుకుని నిలబడడం. పెళ్ళికొడుకులు మారేవారు, లైటూ నేనూ మారేవాళ్ళం కాదు. ఉండేది హెబ్బగోడిలో, మేనమామ ఇంట్లో. మామ వెల్డరు. తాను పనిచేసే వెల్డింగ్ యూనిట్‌లోనే నాకు హెల్పరు పని మాట్లాడి పెట్టేశాడు, సోమవారం చేరాలి.

"లైటు పట్టుకోనుండేదానికి గోడకు మేకు చాలప్పా, మనిషెందుకు?" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. నేను ముద్ద కలుపుతూనే కూర్చుంటే జాలిపడి ఒక దారి చూపించాడు. "సరే, నువ్వు సొంతంగా తీసిన ఫోటో ఒకటి మీ అత్తకు చూపించు. బాగుండాది అనిందంటే నీ ఇష్టం. అనలేదంటే సోమవారం నాతో పాటు యూనిట్‌కు రావాల."

అత్త చేత బాగుంది అనిపించడం కంటే యూనిట్‌లో చేరడమే సులువు (తన పెళ్ళి ఫోటోకు తనే పదకొండు వంకలు పెట్టిన మనిషి). అందుకే పాలనీటి ఫోటోను నమ్ముకున్నాను. పట్టపగలు నీళ్ళు అలా రావాలంటే కెమెరా కన్ను అరనిమిషం తెరిచి ఉంచాలి. ఉత్తినే తెరిస్తే వెలుతురు ఎక్కువై తెల్లకాగితం వస్తుంది కాబట్టి, లెన్సుకు చలవకళ్ళద్దాల్లాగా నల్లటి ఫిల్టరు తొడగాలి. దాని ధర అడిగితే కొట్టాయన నా చెప్పులకేసి చూశాడు. ఆ సాయంత్రమే మామ సామాన్ల పెట్టెలో, వెల్డింగ్ మాస్కులో బిగించే నల్లటి అద్దం, ఇంకా వాడనిది, కాగితంలో చుట్టి కనబడింది. ఎండలో సూర్యుడిని కూడా చిన్న చుక్కగా చూపించే అద్దం. చూస్తుండగానే అది నా జేబులోకి నడిచి వచ్చింది.

ఆదివారం ముగ్గురం ముత్యాల మడుగుకు బయలుదేరాం. స్టూడియో పాత కెమెరా, మూడుకాళ్ళ స్టాండు నా భుజం మీద, పులియోగరె (మన పులిహోరే) డబ్బా అత్త చంకలో. ఆ ఏడు వానలు తక్కువ. జలపాతం మా వీధి కొళాయి కంటే రెండు బిందెలు ఎక్కువగా పడుతోంది. నా కంటికి మాత్రం సముద్రాన్ని కొండకు నిలువుగా ఆరేసినట్టుంది. మామను నీటి ముందున్న రాయి మీద నిలబెట్టాను. పాచి పట్టిన రాయి. మామ ఒకసారి జారి తమాయించుకోగానే అత్త వెళ్ళి, డబ్బా కాళ్ళ దగ్గర పెట్టి, ఆయన భుజం పట్టుకుంది.

అద్దం పెడితే కెమెరాలో ఏమీ కనబడదు. అందుకని ముందే గురి కుదుర్చుకుని, తర్వాత అద్దాన్ని లెన్సుకు నాలుగు రబ్బరు బ్యాండ్లతో బిగించాను.

"ఏందప్పా అది కట్టినావు?" అన్నాడు మామ.

"ఫిల్టరు మామా. ముప్పై లెక్కపెట్టేదాకా కదలొద్దు."

మామ కదలలేదు. చేతిలో మంట పట్టుకుని గంటలకొద్దీ బిగుసుకుని కూర్చోవడం అలవాటైన మనిషి, శిలైపోయాడు. నేను నాలుగు లెక్కపెట్టేసరికి కోతి వచ్చింది (నా జ్ఞాపకంలో అది ఏటేటా పెరిగి ఇప్పుడు ఎద్దంత ఉంది).

"డబ్బా ముట్టినావంటే తోక కత్తిరిస్తా" అని అత్త వంగింది, లేచింది, చెప్పు విసిరింది, రెండో చెప్పూ విసిరింది. ముప్పై అంకెలూ ఆ యుద్ధంలోనే గడిచిపోయాయి.

కెమెరా తెర చూశాం. నీళ్ళు నిజంగానే పాలలా వచ్చాయి. అయితే నల్లగా కనబడే ఆ అద్దం అసలు రంగు ఆకుపచ్చ. కాబట్టి పాలు పచ్చ, కొండ పచ్చ, మామ పచ్చ. కోతి లేదు. అత్తా లేదు. మామ భుజం మీద మాత్రం నాలుగు గాజులతో ఒక చెయ్యి, మోచేతి దాకా వచ్చి పొగలా మాయమైంది.

"నేనేదప్పా?" అంది అత్త.

"కదిలినావు కదత్తా. ఎక్కువ కదిలినోళ్ళు దీంట్లో పడరు."

"మీ మామేందప్పా, తోటకూర సొప్పు కట్ట మాదిరుండాడు?"

నాకు యూనిట్ గేటు కిర్రుమని తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఈలోగా మామ లెన్సు మీది అద్దాన్ని వేలితో తట్టి చూశాడు. "ఇది నాదే" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన తిట్టలేదు, తెరకేసే చూస్తూ అత్తతో అన్నాడు.

"ఇంత గలాటా చేసినావు. చెయ్యి మాత్రం తీయలే చూడు."

"తీసుంటే నీళ్ళలో పడుంటివి. పాచిరాయి మీద నిలబడేది చాతగాదు, పెద్ద వెల్డరంట" అంది అత్త. కానీ కెమెరా లాక్కుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"నీళ్ళు బాగుండాయి" అంది చివరికి. కెమెరా నాకు తిరిగిస్తూ, "చెయ్యి కూడా బాగుండాది."

మామ అద్దాన్ని తన చేతిగుడ్డలో చుట్టి నా జేబులో పెట్టాడు. "గీతలు పడనీయొద్దు. పడితే నిప్పుకూ పనికిరాదు, నీళ్ళకూ పనికిరాదు." సోమవారం పొద్దున ఆయన ఒక్కడే యూనిట్‌కు వెళ్ళాడు.

ఇప్పుడు నా దగ్గర మెత్తటి సంచిలో ఆరు అసలైన ఫిల్టర్లున్నాయి. జుట్టు మూడు కిలోల నుంచి మూడు గ్రాములకు దిగింది. నీళ్ళు అచ్చం పాలలాగే వస్తాయి, ఏ రంగూ అంటదు. ఆమధ్య ఒకరోజు ఆ పాత ఫోటోను కంప్యూటర్‌లో పెట్టి పచ్చదనమంతా తీసేశాను. నీళ్ళు తెల్లబడ్డాయి, మామ మామూలు రంగుకొచ్చాడు. అంతా సరిగ్గా ఉంది. కానీ రబ్బరు బ్యాండ్లు బిగించి అంకెలు లెక్కపెట్టిన ఆ నలభై ఆరు కిలోల కుర్రాడు కూడా ఆ పచ్చదనంతో పాటే పోయాడు. నవ్వుకుని, మామను మళ్ళీ పచ్చగా మార్చేశాను.