మూడో బేస్ జరిగిన ఆదివారం

ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లకు అంపైరుగా నిలబడే ఆవిడను మైదానంలో అందరూ సేఫ్ పిన్ని అంటారు. పరుగెత్తిన పిల్ల అవుట్ కాలేదని చెప్పడానికి రెండు చేతులూ బార్లా చాపి "సేఫ్!" అని అరిస్తే రోడ్డు మీద సైకిళ్లు ఆగిపోతాయని పిల్లల వేళాకోళం. వారంలో ఆరు రోజులు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని పొద్దస్తమానం చెప్పీ చెప్పీ ఆ గొంతు వచ్చిందని అక్క వెక్కిరించేది.

ఆ అక్క పోయి పందొమ్మిది రోజులైంది. ఇరవై రెండేళ్లు ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. "ఎండలో నిలబడి అందరిచేతా తిట్లు తినమని నిన్ను బొట్టుపెట్టి పిలిచారా?" అని సణుగుతూనే ఆదివారం పొద్దున్నే నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టేది. కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయింది. పిన్ని ఏడవలేదు. గుండె రాయి చేసుకుందన్నారు ఆసుపత్రిలో. రాయో కాదో ఆమెకే తెలియదు. జ్వరం తగ్గిన నోటికి ఏదీ రుచించనట్టుగా ఉంది, అంతే.

"అడగకూడదు గానీ అమ్మా, ఇంకెవరూ దొరకలేదు" అని క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేశాడు. వస్తానంది. రానని కూడా అదే గొంతుతో అనగలిగేది.

ఆ ఆదివారం ఆట ఆఖరి ఇన్నింగ్సుకు వచ్చింది. బ్యాటింగ్ జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అప్పటికే అవుటయ్యారు, మూడోవాళ్లూ అవుటైతే ఆట అయిపోయినట్టే. రెండో బేస్ దగ్గర ఒక అమ్మాయి ఉంది. బ్యాట్ పట్టిన పిల్ల బంతిని దూరంగా కొట్టింది. రెండో బేస్ పిల్ల పరుగెత్తి మూడో బేస్ మీదకు జారేసరికి మేకు ఊడి, నేలకు బిగించిన బేస్ దిండు రెండడుగులు పక్కకు పోయింది. విసిరిన బంతి మూడో బేస్ ఫీల్డరు తల మీదుగా వెళ్లిపోవడంతో ఆ పిల్ల లేచి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ దాటేసింది. స్కోరు సమమైంది. ఆ వెనకే బంతి కొట్టిన పిల్ల మూడో బేస్‌కు వచ్చి, బేస్ ఉండాల్సిన ఖాళీ చోట కాలు పెట్టి నిలబడింది. పక్కకు జరిగిన బేస్ మీద కాచుకున్న ఫీల్డరు బంతి అందుకుని ఆ పిల్లకు తాకించింది.

"సేఫ్!"

"పిన్నీ, బేస్ ఇక్కడుంది కదా! తను ఉత్త మట్టి తొక్కింది!" అంది ఫీల్డరు. వెనకే ఆ జట్టు కోచ్ పరుగున వచ్చాడు. "ఇదెక్కడి న్యాయం మేడం?"

"బేస్ జరిపింది ముందెళ్లిన అమ్మాయి. జరిగిన బేస్ ఆ అమ్మాయి వరకే. వెనకొచ్చేవాళ్లకి అది అసలు ఉండాల్సిన చోటే లెక్క."

మాటలు వాటంతటవే నోట్లోంచి వచ్చాయి. కోచ్ గొంతు తగ్గించాడు. "ఇంట్లో జరిగింది తెలుసండీ. మీ మనసు ఇక్కడ లేదు."

ఆమె వంగి ఊడిన మేకును తీసుకుంది.

"మనసు లేనిమాట నిజమే సార్. తీర్పు మాత్రం అదే."

మోకాళ్ల మీద కూర్చుని బేస్ సర్ది, మేకును రాయితో కొట్టింది. తర్వాతి దెబ్బకు మూడో బేస్ మీది పిల్ల పరుగు పూర్తిచేసింది. బ్యాటింగ్ జట్టు గెలిచి ఆట ముగిసింది.

తీర్పు తప్పని కోచ్ సెక్రటరీ దగ్గర పట్టుబట్టాడు. సెక్రటరీ నిబంధనల పుస్తకం తిరగేసి, ఒక వాక్యం మీద వేలు పెట్టి పైకి చదివాడు. కోచ్ పుస్తకం లాక్కుని తనూ రెండుసార్లు చదువుకున్నాడు. "సరే" అని వెళ్లిపోయాడు.

ఏడ్చి మొహం కడుక్కున్న ఫీల్డరు, పిన్ని దగ్గరకు వచ్చింది. "నాకా రూలు తెలీదు పిన్నీ."

"నాకూ మొదట్లో తెలీదు. ఓసారి తప్పు చెప్పి, ఇంటికెళ్లి మా అక్కకి చెప్పుకున్నా."

"ఏమంది?"

"ముందు అన్నం తినవే, అంది."

పిల్ల ఫక్కున నవ్వింది. పిన్నికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. పిల్ల భుజం మీద మట్టి దులిపింది.

బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ చూసుకోలేదు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచింది. వచ్చే ఆదివారానికి సెక్రటరీ మళ్లీ ఫోన్ చేసి అడిగితే, వస్తానంది.