కదలకూడని లారీ

కండక్టరుగా రిటైరైన మనిషికి మిలటరీ బళ్ళ మ్యూజియంలో ఏం పనమ్మా అని ఎవరైనా అడిగితే, అక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "అవీ బళ్ళే కదా! కాకపోతే స్టాపులు లేవు." డిపోలో ఆమెని అందరూ రైట్‌రైట్ అక్క అనేవాళ్ళు. ఆ గొంతు అలాంటిది మరి. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నుంచి ఆమె "రైట్ రైట్" అంటే, ముందు సీట్లో కునుకు తీస్తున్నవాళ్ళు తమ స్టాపు దాటిపోయిందేమోనని ఉలిక్కిపడి లేచేవారు.

ఆ బస్సు నడిపింది ఆమె మొగుడే. ఇంట్లో ఎడమొహం పెడమొహంగా ఉన్న రోజుల్లో కూడా, బస్సెక్కాక ఆయన ఆమె మాట జవదాటలేదు. రైట్ అంటే కదిలేవాడు, హోల్డాన్ అంటే ఆగేవాడు. "ఈ బుద్ధి ఇంటికొచ్చాక ఎటు పోతుందో!" అని ఆమె నలుగురిలో వేళాకోళం ఆడితే, ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు. రిటైరయ్యాక ఆ నవ్వు కాస్తా పోయింది. ఉలుకూ పలుకూ లేకుండా కిటికీ పక్కన కూర్చుని, వీధిలో పోయే బళ్ళు గేరు మార్చే చప్పుడు వింటుండేవాడు.

అందుకే మ్యూజియంలో గైడు పని దొరకగానే, అక్కడి లారీకి డ్రైవరుగా ఆయన్నీ వెంటబెట్టుకు పోయింది. మ్యూజియం అంటే పెద్ద రేకుల షెడ్డు, ముందు విశాలమైన ఆవరణ. షెడ్డులో రెండు జీపులు, ఒక పాత అంబులెన్సు, బొద్దుగా ఒక చిన్న ట్యాంకు, చివర సైనికుల్ని మోసిన లారీ. చూడ్డానికొచ్చినవాళ్ళని గైడు అన్నీ తిప్పి చూపించి, ఆఖర్న లారీ వెనక బల్లల మీద కూర్చోబెడుతుంది. డ్రైవరు ఇంజను స్టార్టు చేస్తాడు. లారీ ఒళ్ళంతా దడదడలాడుతుంది, జనం చప్పట్లు కొట్టి దిగిపోతారు. అంతకుమించి ఏమీ లేదు. "మోత వినిపించండి చాలు. బండి మాత్రం అంగుళం కదలకూడదు" అన్నది మ్యూజియం నడిపే మేజరుగారి ఆజ్ఞ.

అయితే మేజరుగారి మనసులో ఇంకో ఆలోచన కూడా ఉంది. గైడును తీసేసి, వచ్చినవాళ్ళ చెవులకి యంత్రం తగిలిస్తే అదే అన్నీ చెబుతుందట. ఇంజను మోత కూడా అందులోనే రికార్డు చేసేస్తారట. "ఈ ఆదివారం మీ వెనకాలే తిరిగి చూస్తాను. నచ్చితే మీరు, లేకపోతే యంత్రం" అన్నారాయన మొహమాటం లేకుండా. తన ఉద్యోగం పోతే పోయింది, ఈయన మళ్ళీ ఆ కిటికీ పాలవుతాడే అనుకుంది అక్క.

ఆదివారం రానే వచ్చింది. బట్టీపట్టిన వివరాలన్నీ అక్క జీపుల దగ్గర గడగడా ఒప్పజెప్పింది. ట్యాంకు దగ్గరికొచ్చేసరికి వెనక మేజరుగారి బూట్ల చప్పుడు విని, నేర్చుకున్నదంతా మరిచిపోయింది. నోరు మాత్రం ఊరుకోదుగా! "దీని మైలేజీ అడక్కండి బాబూ. ఇది తాగినంత మా పెళ్ళిలో మా మరిది కూడా తాగలేదు" అనేసింది. జనం పగలబడి నవ్వారు. మేజరుగారు నవ్వలేదు.

ఇక లారీ. "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీనే" అంటూ అందరినీ ఎక్కించింది. మోకాళ్ళ నొప్పుల మామ్మగారిని చెయ్యిచ్చి పైకి లాగింది. తనూ ఎక్కి వెనక తలుపు గొలుసు తగిలించింది. ఇంజను గర్జించింది. అన్నేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? అరచేత్తో బండి పక్కన రెండు దెబ్బలు వేసి, గొంతెత్తి అరిచింది.

"రైట్ రైట్!"

లారీ కదిలింది.

షెడ్డు దాటి ఎండలోకి వచ్చి, ఆవరణ చుట్టూ హుందాగా తిరగసాగింది. పిల్లల కేకలు, పెద్దల ఈలలు. "ఆగండి! ఆగండి!" అని మేజరుగారు టోపీ పట్టుకుని వెనకాల పరుగు. అక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి తేరుకుని బండి పక్కన ఒక్క దెబ్బ వేసింది. "హోల్డాన్!" లారీ మేజరుగారి ముందు మెత్తగా ఆగింది.

"ఎవరు కదపమన్నారు?" అన్నారాయన రొప్పుతూ.

"నేనే సార్. నోరు జారింది. ఆయన తప్పేం లేదు, నన్ను పంపించెయ్యండి. ఆయన్ని మాత్రం ఉండనివ్వండి" అంది అక్క. ఆమె గొంతు వణకడం ఎవరైనా వినడం అదే మొదటిసారి.

మేజరుగారు డ్రైవరు వైపు నడిచారు. "దీనికి బ్రేకులు ఎప్పుడో చచ్చిపోయాయి కదయ్యా! ఎలా ఆగింది?"

"నేను బాగుచేశాను సార్. బ్రేకులూ, క్లచ్చూ. రోజూ సాయంత్రం కాసేపు."

మేజరుగారు వంగి చక్రాల కేసి చూశారు. లారీలో ఉన్నవాళ్ళు ఊరుకోలేదు. "ఇంకో రౌండు!" అని మామ్మగారే మొదలుపెట్టింది. మేజరుగారు టోపీ సర్దుకుని, వెనక్కి వచ్చి, మెట్టు మీద కాలు పెట్టారు.

"ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదు సార్, లోపలికి జరగండి" అంది అక్క, ఆపుకోలేక. ఆయన బుద్ధిగా లోపలికి జరిగారు. "ఆ యంత్రం వద్దని చెప్పేస్తాలెండి. దానికి ఇలా అదిలించడం రాదు" అన్నారు బల్ల మీద చోటు చూసుకుంటూ.

అక్క దిగి, గబగబా డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఏమయ్యా, కదలకూడని బండికి బ్రేకులెందుకు బాగుచేశావు?"

చాలా కాలానికి ఆయన మీసాల కింద నవ్వు కనబడింది.

"ఎప్పుడో ఒకప్పుడు నువ్వు రైట్ అంటావని తెలుసు."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెనక్కి పోయి లారీ ఎక్కింది. ఈసారి కావాలనే అరిచింది.