అమావాస్య నాటి అంచుపట్టీ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను వెంటనే అడిగే మాట ఒకటుంది: "సరే, దానికి కూడు వండేదెవరు?" మాది కడప పక్కన పల్లె. మా నాయన రోజూ శ్మశానం దారినే కట్టెలు తెచ్చేవాడు. ఆయన వెనకాలే నేనూ నడిచేదాన్ని. దయ్యం కాదు కదా, దాని కొంగు కూడా మా కంట పడలేదు. పనీపాటా లేనివాళ్ళకే ఇలాంటివి కనిపిస్తాయని ఇప్పటికీ నా నమ్మకం. కాబట్టి ఇది విని ముసలిదానికి మతి చలించిందనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మడం మానడం మీ ఇష్టం.

నన్ను కర్నూలుకు ఇచ్చారు. వడ్రంగుల ఇల్లు. మామ వీరాచారి, అత్త నరసమ్మ, మా ఆయన బ్రహ్మయ్య, నేను. ఇంట్లో ఇంతమందిమే.

మా అత్తకు చూపు లేదు. మా ఆయన కడుపులో ఉన్నప్పుడు అమ్మవారు పోసి కళ్ళు పోయాయి. కన్నకొడుకు ముఖం ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. "నీ మొగుడు ఎట్లుంటాడే అమ్మీ?" అని నన్ను అడిగేది. "నీ మాదిరే ఉంటాడత్తా, ముక్కే కొంచెం ఎక్కువైంది" అనేదాన్ని. ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్ళం.

చూపు లేకపోయినా ఆ ఇంట్లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. వంట కూడా తనే చేసేది. అదంతా మా మామ చలవ. ఆమె గది నుంచి వంటింటి దాకా, అక్కణ్ణుంచి పెరటి వాకిలి దాకా గోడ పక్కన నడుమెత్తున సన్నటి పొడుగాటి బల్ల చేసి పెట్టాడు. బల్ల అంచుకు టేకు పట్టీ అంటించి, పెచ్చు లేకుండా నున్నగా చేశాడు. అత్త ఆ అంచు మీద చెయ్యి వేసి నడిచేది.

ఆ పట్టీ మీద అక్కడక్కడా బొటనవేలు కుదురుకునేంత పల్లాలు ఉండేవి. ఒక పల్లం తగిలితే నీళ్ళబాన దగ్గరికి వచ్చినట్టు. రెండు తగిలితే ముందు మెట్టు ఉంది, చూసుకోమని. మూడు పల్లాలు పక్కపక్కనే తగిలితే అక్కడ ఊయల వేలాడుతోంది, తల వంచుకొమ్మని. ఆ మూడూ మా ఆయన పుట్టినప్పుడు పెట్టినవి.

మా ఇళ్ళలో అమావాస్య నాడు పనిముట్టు ముట్టరు. బాడిస, ఉలి, రంపం అన్నీ కడిగి, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి, పెట్టెలో మూసేస్తారు. మా మామకు మిగతా రోజులన్నీ ఊరివాళ్ళ పనితోనే సరిపోయేది. అందుకని భార్య కోసం చేసే పని అమావాస్య నాడు పెట్టుకునేవాడు. అదేమిటి మామా అంటే, "సరేసు పూసేదానికి పనిముట్టెందుకమ్మా? చేతులు ఉండాయి గదా!" అనేవాడు.

సరేసు అంటే తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి తీసే జిగురు. మళ్ళీ వేడి చేస్తే వచ్చే కంపు అంతా ఇంతా కాదు. నాకు వాంతి వచ్చేది. మా అత్తకు మాత్రం అది మల్లెపూల వాసన! ఆయన జిగురు పూసి పట్టీ ఆనిస్తే, ఆమె ఆ కొస గట్టిగా పట్టుకునేది. ఆయన బల్లకూ పట్టీకీ కలిపి తాడు చుట్టి, పుల్ల దూర్చి మెలితిప్పి బిగించేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. అందరూ కుడికి తిప్పితే ఆయన ఎడమకు తిప్పేవాడు. తర్వాత బొటనవేలికి గరుకైన ఉప్పుకాగితం చుట్టుకుని, రుద్ది రుద్ది పల్లాలు తీసేవాడు.

అప్పట్లో కర్నూలు రాజధాని. ఊరంతా డేరాలు, ఆఫీసులు. ఆఫీసుల బల్లల కోసం ప్లైవుడ్డు దిగింది. మా మామ దాన్ని చూసి "ఇదేం చెక్కరా, అప్పడాల కట్ట!" అని ఎగతాళి చేశాడు. కోసిన చోట పొరలు పొరలుగా పెచ్చులు లేచి చేతికి గుచ్చుకునేవి. అందుకే ప్రతి పలక అంచుకూ టేకు పట్టీ వేయాలి. కోతలు, అతుకులు మా ఆయన చూసుకుంటే పట్టీలు మామ వేసేవాడు. ఆ పని ఇంకొకరికి వదిలేవాడు కాదు.

ఆ చలికాలంలోనే మా మామ పోయాడు. రెండు రోజుల జ్వరం, అంతే.

ఏడుపు తీరకముందే ఇల్లుగలాయన వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఆఫీసులవాళ్ళు వచ్చాక ఊళ్ళో ఇళ్ళకు అంత గిరాకీ. పాత బల్లను తీసుకుపోదామని కదిపితే లోపలంతా చెదలు. చేతిలో పొడిపొడిగా రాలిపోయింది.

కొత్త ఇంట్లో మా అత్తకు దిక్కు తెలియలేదు. మొదటి రోజు గడపకు తట్టుకుని పడింది. మర్నాటి నుంచి మంచం దిగలేదు. నేను ఎత్తి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోవాల్సి వచ్చేది. ఇంత సంగటి కలిపి నోటికి అందిస్తే రెండు ముద్దలు తిని చాలనేది. "ఆయప్ప చేతి బల్ల పాయ, ఆయప్పా పాయ. ఇంగ నేనెందుకమ్మీ?" అనేది. మనిషి రోజురోజుకీ ఎండిపోతోంది. ఆమె మళ్ళీ లేస్తుందా, లేక మామ వెనకే పోతుందా అని నాకు లోలోపల దడగా ఉండేది. నాకు తల్లి లేదు. అన్నం కలిపి పెట్టి, జడ వేసి, కసిరి, నవ్వించిన తల్లి ఆమే.

మా ఆయన మిగిలిన ప్లైవుడ్డుతో అలాంటి బల్లే చేసి గోడ పక్కన పెట్టాడు. అత్తను లేపి అంచు మీద చెయ్యి పెట్టించాం. రెండడుగులు వేసిందో లేదో అరచేతిలో పెచ్చు గుచ్చుకుని రక్తం వచ్చింది. చెయ్యి లాక్కుని, "ఇది మీ నాయన చేసింది కాదురా" అని మంచం మీదికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

మా ఆయన పట్టీలు వేయడానికి కూర్చున్నాడు. ఎన్నిసార్లు అంటించినా అదే కథ. కర్నూలు ఎండ సంగతి తెలిసిందే కదా. పొద్దున అంటిస్తే సాయంత్రానికి వంకర్లు తిరిగి ఊడొచ్చేవి. "నా చేతిలో ఆ గుణం లేదు" అని పట్టీలన్నీ కట్టకట్టి మూలకు విసిరేశాడు.

అంతలో అమావాస్య వచ్చింది. పనిముట్లకు బొట్లు పెట్టి, పెట్టె మూసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పొద్దున్నే తుంగభద్రకు పోయి తండ్రికి తర్పణం వదలాలని ఇద్దరం బయల్దేరాం. వచ్చేదాకా ఏమీ తినకూడదు కాబట్టి పొయ్యి కూడా వెలిగించలేదు. అత్త మంచం మీదే ఉంది. బయట గొళ్ళెం పెట్టి, ఎదురింటి కాశింబీకి చెప్పి పోయాం. ఆమె అరుగు మీద బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఉంది.

ఎండెక్కాక తిరిగొచ్చాం. సందు మొదట్లోనే నా ముక్కుకు తగిలింది, సరేసు కంపు. అమావాస్య పూట ఏ ఇంట్లోరా ఈ పని అని తిట్టుకుంటూ వచ్చాను. గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తీస్తే గుప్పున మా ఇంట్లోంచే.

మంచం ఖాళీగా ఉంది. "అత్తా!" అని అరిచాను.

"ఈడుండానే అమ్మీ, అరవాకు" అని వంటింట్లోంచి పలికింది. నీళ్ళబాన పక్కన నిలబడి చెంబెత్తి నీళ్ళు తాగుతోంది. రెండో చెయ్యి బల్ల అంచు మీద ఉంది. బల్ల పొడుగునా టేకు పట్టీ! తాళ్ళు చుట్టి, పుల్లలు మెలితిప్పి బిగించి ఉంది.

"మీ నాయన వచ్చి పొయ్యినాడ్రా" అంది మా ఆయనతో, కూరలోకి ఉప్పు అడిగినంత మామూలుగా. "నేను ఆ కొస పట్టుకుంటి, ఆయప్ప ఈ కొస బిగించె. ఇంగా ఆరలేదు, తాళ్ళు కదిలించొద్దు."

నేను బయటికి ఉరికి కాశింబీని అడిగాను. "ఎవురూ రాలేదమ్మా, ఒట్టు! లోపల రుద్దుతాండే శబ్దం మాత్రం ఇనపడె. మీ ఆయన ఉండాడనుకుంటి" అంది.

పొయ్యిలో నిప్పులు ఇంకా ఉన్నాయి. సరేసు గిన్నె వెచ్చగా ఉంది. మా ఆయన పోయి పనిముట్ల పెట్టె తాళం తీశాడు. ఉలి మీద బొట్టు ఉలి మీదే ఉంది, రంపం మీద బొట్టు రంపం మీదే ఉంది. ఒక్కటీ చెదరలేదు. తిరిగొచ్చి బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తాళ్ళు చూశాడు. ప్రతి పుల్లా ఎడమకే తిరిగి ఉంది. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, ఆ బల్ల కాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మా అత్త ఆ ఏడుపు వింటూ, చెంబు పెట్టి, అంచు మీద చెయ్యి వేసి మెల్లగా బయల్దేరింది. బాన దగ్గర ఒక పల్లం, పెరటి మెట్టు దగ్గర రెండు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి మా పడకగది వాకిలి దాకా వచ్చి ఆగింది. ఆమె వేలు ఒకచోట నిలిచింది. మళ్ళీ మళ్ళీ తడిమింది. నేనూ వంగి చూశాను. అక్కడ మూడు పల్లాలున్నాయి.

ఆమె ముఖం నావైపు తిరిగింది. చెయ్యి చాచి, వెతుక్కుని, నా కడుపు మీద పెట్టింది. "ఏమమ్మీ, నాకైనా చెప్పగూడదా?" అంది.

నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. నాకే ఇంకా అనుమానంగా ఉండింది, నాలుగు రోజులు చూద్దామని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం అత్త సంగటి అడిగి పెట్టించుకుని తినింది. ఊయల సరిగ్గా ఆ మూడు పల్లాల దగ్గరే కట్టాం. మనవణ్ణి ఊపి, పాడి, బడికి పంపేదాకా బతికింది.

తర్వాత మా ఆయన మనసు సరిపెట్టుకుని, అమ్మే చేసి ఉంటుందన్నాడు. అన్నేళ్ళు ఆ కొస పట్టుకున్న మనిషికి ఈ కొస పని రాదా అని. నేనూ అదే అనుకోవడానికి చూశాను. పొయ్యి వెలిగించడం ఆమెకు కొత్త కాదు. కడుపు సంగతి ముసలివాళ్ళు నడకను బట్టే పసిగడతారు. అంతా బాగానే ఉంది. కానీ లేచి నిలబడలేని మనిషి అంత బల్లను ఒక్కపూటలో ఎలా బిగించింది? కుడిచేతి మనిషి ఎడమకు ఎందుకు తిప్పింది? ఆ పల్లాల్లో ఆమె వేలు వదులుగా ఉండేది. మా ఆయన వేలు కూడా వదులే. ఇంత వెడల్పు బొటనవేలు మా ఇంట్లో ఒక్కరికే ఉండేది.

ఆమెను మళ్ళీ మళ్ళీ అడిగాను. "చెప్పినా గదే, ఆయప్ప వచ్చినాడని" అనేది. అంతకు మించి ఒక్క మాట రాబట్టలేకపోయాను.

ఆ బల్ల ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పట్టీ ఎక్కడా లేవలేదు. ఇప్పుడు నా కళ్ళకూ మసక వచ్చింది. తెల్లవారుజామున ఆ అంచు పట్టుకునే పెరట్లోకి పోతాను. దయ్యాలున్నాయంటే నేను ఈ రోజుకీ ఒప్పుకోను. ఊయల తీసేసి ఎన్నేళ్ళయిందో. అయినా వేలికి ఆ మూడు పల్లాలూ తగలగానే తల వంచుకునే నడుస్తాను.