తెర మీద మల్లేశన్న పేరు

మా నాన్న మార్చురీలో కాపలా ఉద్యోగం చేసేవాడు. ఆయనకు సద్ది తీసుకెళ్ళి, ఆ గుమ్మంలోనే కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్లను నేను. దయ్యాలంటే నవ్వొచ్చేది తప్ప భయం ఉండేది కాదు. ముందు ఈ సంగతి చెప్పాలి.

నయాపూల్ దగ్గర ఒక లాయర్ల ఆఫీసులో పనిచేస్తున్నాను. ఫైళ్ళు వెతకలేక విసిగిపోయి మా సారు క్లయింట్ల కోసం సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ పెట్టించారు. ఎవరు ఫోన్ చేసినా వాళ్ళ పేరు, కేసు వివరాలు నా కంప్యూటర్ మీదికి వచ్చేస్తాయి. మాటలన్నీ రికార్డవుతాయి.

మల్లేశన్నది చాంద్రాయణగుట్ట, పాల వ్యాపారం. బర్ల కొట్టం ఉన్న జాగా మీద కేసు నడుస్తోంది. నన్ను చెల్లె అనే పిలిచేవాడు.

ఆ మధ్యాహ్నం ఆఫీసు నిండా జనం. తెర మీద మల్లేశన్న పేరు వచ్చింది. హెడ్‌ఫోన్‌లో గొంతు ఆయాసంగా ఉంది.

"చెల్లే, మా అమ్మ కొట్టంల పడ్డది. ఎనుక దిక్కు. ఎవ్వలు సూస్తలేరు. జల్ది ఎవరినన్న పంపు."

"నువ్వేడున్నవ్ అన్నా?"

ఎక్కడో బర్రె అరిచింది. లైను పోయింది.

తిరిగి చేస్తే స్విచాఫ్. కంప్యూటర్‌లో అతని తమ్ముడు శ్రీను నంబరు కనబడితే దానికి చేశాను. విషయం చెప్పగానే అతను గట్టిగా అరిచాడు.

"ఏందక్కా గట్లంటవ్? పొద్దుగాల అన్నకు యాక్సిడెంటయింది. ఐసీయూల ఉన్నడు, సోయి లేదు. ఆయన ఫోను పలిగిపోయి నా జేబుల ఉన్నది!"

"అమ్మ ఏడుంది?"

"ఇంట్ల. ఆమెకింక చెప్పలే."

"కొట్టం కాడికి ఎవరినన్న తోలు శ్రీనూ. నన్ను తర్వాత తిట్టు."

అతను పక్కింటివాళ్ళను పంపాడు. ఎదురుగా నిలబడ్డ క్లయింటు ఏదో అడుగుతున్నాడు, నాకు వినిపించడం లేదు. కళ్ళన్నీ ఫోన్ మీదే. మళ్ళీ శ్రీను చేసినప్పుడు ఏడుస్తున్నాడు. కొట్టానికి లోపల గొళ్ళెం పెట్టి ఉంటే తలుపు పగలగొట్టారట. ముసలమ్మ గడ్డిమోపుల పక్కన రక్తంలో పడి ఉంది. ఊపిరి ఆడుతోంది.

ఆమె బతికింది. మల్లేశన్న కళ్ళు తెరవకుండానే ఆ సాయంత్రం పోయాడు.

మర్నాడు రికార్డింగు వెతికాను. అందరి కాల్స్ ఉన్నాయి, అతనిది లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అతను వచ్చి చూసి, ఆ నంబరు నుంచి ఫోనే రాలేదన్నాడు. కానీ నా పక్కన కూర్చునే జూనియర్ లాయరు ఫర్హానా తెర మీద ఆ పేరు తన కళ్ళతో చూసింది. నేను మాట్లాడటం విన్నది.

కొన్నాళ్ళకు కేసు పని మీద ఆ తల్లి ఆఫీసుకు వచ్చింది, తలకు కట్టుతోనే. నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"బిడ్డా, నా కొడుకు ఇంకేమన్న అన్నడా?"

"లేదమ్మా. నీ ముచ్చటొక్కటే చెప్పిండు."

ఆమె చాలాసేపు చెయ్యి వదల్లేదు. ఆమెకు చెప్పింది నిజమే. అది నా చెవికి ఎలా చేరిందో మాత్రం ఈరోజుకీ నాకు తెలియదు.