మా ఆయన తలకిందుల నోటుబుక్కు

మా ఆయన కాలి వేలికి పుండు పడి, వేలు తీసేయాల్సి రావచ్చని చిత్తూరు డాక్టరు చెప్పిన రోజు, ఆస్పత్రి వరండాలోనే మొక్కుకున్నాను. వేలు నిలిస్తే ఇద్దరం అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని. వేలు నిలిచింది. షుగరు అదుపులో ఉండాలంటే రోజూ నడవాలని డాక్టరు కూడా చెప్పాడు. దేవుడూ డాక్టరూ ఒక మాట మీదే ఉన్నారు. ఈయనే ఒప్పుకోలేదు.

ఈయనకు ముందు ప్లాను కావాలట. ఫోనులో ఎవరెవరో చెప్పేవి విని, ఆలోచించే పద్ధతులంటూ మొదలుపెట్టాడు. పొద్దున్నే నడుద్దాం లెమ్మంటే, "అసలు నడక ఎందుకు, మూలంలోకి పోయి సూడల్ల" అనేవాడు. ఆ మూలంలోకి పోవడానికే నెల పట్టింది. తర్వాత తలకిందుల పద్ధతి పట్టుకున్నాడు.

"బాగుపడేది ఎట్లని కాదే అడగాల్సింది. చెడిపోయేది ఎట్లని అడగల్ల. ఆ దావలన్నీ మూసేస్తే సరిపాయె."

దానికో నోటుబుక్కు కొన్నాడు. చెడిపోయే దారులు రాస్తూ కుర్చీలోంచి లేవకుండా పదిహేను రోజులు కూర్చున్నాడు. మొదటి పేజీ నాకు చూపించాడు. మొదటి దారి నేను నూరే చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. అది ఉంటే సంగటి ఇంకో ముద్ద దిగుతుందట. రెండోది వీధి చివర టీ అంగడి. కుర్చీ సంగతి మాత్రం ఎక్కడా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మిగతా పేజీలు చూడనే లేదు.

అట్లా రెండేళ్లు గడిచాయి. ఆయనకు కాస్త జ్వరం తగిలినా, మొక్కు తీర్చలేదు గనకే అని నాకు గుండె దడ. చివరికి ఒకరోజు తెగేసి చెప్పాను.

"శనివారం పొద్దున తిరపతి బస్సెక్కేది, కొండకు నడిచేది. ప్లాను అయినా సరే, కాకపోయినా సరే. ఇంక నావల్ల కాదబ్బా."

ఆయన నోటుబుక్కులో చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు.

అందులో ఇలా ఉంది: "మొక్కు ప్రకారం వట్టి కాళ్లతో మెట్లెక్కల్ల. పాదాలకు స్పర్శ లేదు. రాయి గుచ్చుకున్నా తెలీదు. మళ్లా పుండు పడతాది. ఈ దావ ఎట్ల మూసేది?"

నేను పెరట్లోకి వెళ్లి అడిగాను. "కాళ్లకు స్పర్శ లేదని నాకెందుకు చెప్పలా?"

"నీ మొక్కుతోనే వేలు నిలిచిందని ఊరంతా చెప్తా ఉండావు. చెప్పులేసుకొని వస్తానని నీతో ఎట్ల అనేది?"

రెండేళ్ల కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. నడిచి వస్తామంటే దేవుడికి చాలేది. వట్టి కాళ్లతో అన్న మాట, మొక్కు గట్టిగా ఉండాలని, ఆ వరండాలో నేనే చేర్చాను.